కమానులలో కాపురములు

ఫ్రాన్సు దేశమున రోన్ నది సముద్రమును సమీపించి రెండు పాయలుగా చీలుచోట ఆర్ల్ అను చిన్న పట్టణము కలదు. క్రీ. పూ. 46వ సంవత్సరమున జూలియస్ సీజరు తన ఆఱవ సేనాదళమున పనిచేసి విరమించిన యోధులకు భూములిచ్చి దీనిని వలసపట్టణముగా నేర్పఱచెను. అంతకు మూడేండ్ల ముందు అతడు మార్సెయి పట్టణమును ముట్టడించినపుడు, ఆర్ల్ వారు ముప్పది దినములలో పండ్రెండు యుద్ధనౌకలు కట్టి యిచ్చిరి. మార్సెయి తన ప్రాభవమును కోలుపోయినది. ఆర్ల్ దానిని పొందినది. నాటి రోమకుల కట్టడములును, పిదప పండ్రెండవ శతాబ్దమున క్రైస్తవులు కట్టిన దేవాలయమును ఒకే ఊరిలో కాలినడకన చూడదగినంత దగ్గఱగా నిలిచియున్నవి. యునెస్కో సంస్థ 1981వ సంవత్సరమున వీనిని ప్రపంచ వారసత్వ సంపదలోనికి చేర్చుకొనినది. నేనా పట్టణమున నాలుగు దినము లుంటిని.

ఎవరైనను ముందుగా చూడబోవునది అచ్చటివారు ఆరెన్ అని పిలుచు క్రీడారంగము. క్రీ. శ. 90 ప్రాంతమున దీనిని కట్టిరి. కోడిగ్రుడ్డు ఆకారమున 136 మీటర్ల పొడవు, 107 మీటర్ల వెడల్పు కలది. ఒకదానిపై నొకటిగా రెండంతస్తులు. అంతస్తునకు అఱువది చొప్పున కమానులు. ఇరువదివేలమంది కూర్చుండుటకు రాతిమెట్లు. ఆ పనితనమును చూచిన నాకు నోట మాట రాలేదు. అయినను ఇంత నైపుణ్యమును దేనికొఱకు వినియోగించిరో మఱచుట మంచిది కాదు. మనుష్యులు మనుష్యులను, మృగములను చంపుచుండగా వేలకొలది జనము కడుపునిండ భుజించివచ్చి చూచుటకై యిది లేచినది. యాత్రికులకై వ్రాసిన పుస్తకములలో నీ సంగతి యొక వాక్యముతో ముగియును. కమానుల కొలతలకు రెండు పుటలు పట్టును.

రోమక ప్రభుత్వము కూలిన పిమ్మట దిక్కులేని కాలము వచ్చినది. దండయాత్రలకు జడిసిన జనము గట్టిగోడకై వెదకికొనగా, ఊరిలో నింతకంటె గట్టిగోడ కానరాలేదు. కమానులను రాళ్లతో మూసివేసిరి. పైని నాలుగు బురుజులు లేపిరి. లోపల ఇండ్లు కట్టుకొనిరి. కాలక్రమమున ఆ యిండ్లు రెండువందలకు మించినవి. రెండు చిన్న గుడులుకూడ వెలసినవి. ఆనాటి చిత్తరువు నొకదానిని చూచితిని. ఒకదాని నొకటి యొరసికొను పైకప్పులు, కమానుల నోళ్లలో కిటికీలు, నడుమ సందులు. తేనెపట్టువలె ఊరిలో మఱియొక ఊరు. ఆ చిత్తరువు ముందు చాలసేపు నిలిచితిని. మృగములను విడిచిన వాకిట ఎవరో పొయ్యి వెలిగించిరి. ఓడినవాని ప్రాణము తీయుమని జనము కేకలు వేసిన మెట్లకడ ఎవతెయో బిడ్డను జోకొట్టినది. ఇట్లు జరిగినదని ఏ శాసనమును చెప్పదు. చెప్ప నక్కఱయు లేదు. వేయేండ్లకు పైగా కాపురములున్న చోట పొయ్యియు జోలయు లేకుండునా? ఆ కట్టడమునకు మిక్కిలి గౌరవము తెచ్చిన కాలము, నా యభిప్రాయమున, ఈ కాపురముల కాలమే. పండితులు దీనిని శైథిల్యకాల మందురు.

1825వ సంవత్సరమున, పురాతన కట్టడములయం దభిమానము కలిగిన పాలకులు ఆ యిండ్లను ఖాళీచేయించి కూలగొట్ట నారంభించిరి. అయిదాఱేండ్లలో లోపలిభాగము బయలైనది. 1830లో అందు జరిగిన మొదటి యుత్సవ మేమందురా? ఫ్రెంచి సేనలు అల్జీర్సు నగరమును పట్టుకొనిన సంతోషమునకై ఎద్దులను పరుగెత్తించి వినోదించుట! పరదేశమును జయించినందుకు ప్రజలకు వినోదము పెట్టుట రోమకుల పద్ధతియే. కట్టడము తన పూర్వవృత్తిని మఱచిపోలేదన్నమాట. ఆ యిండ్లను తీయకున్న నేడు మనకా మెట్లు కనబడెడివి కావు, నిజమే. అంతటి శిల్పము మఱుగుపడియే యుండవలెనని నే ననను. కాని రాళ్లను రక్షించుట యొకటి, ఆ రాళ్లకు మొదట నుండిన పనిని రక్షించుట మఱియొకటి. ఆర్ల్ వారు రెంటిని ఒకటిగా తలచిరి.

ఏలయన, నేటికిని ఈస్టరు పండుగకును, సెప్టెంబరు మాసమున వరి పండుగకును అచ్చట స్పెయిను పద్ధతిని ఎద్దుల పోరు జరుగును. ఎద్దును బల్లెములతో పొడిచి, అలయించి, తుదకు కత్తితో చంపుదురు. ఫ్రాన్సులో పెంపుడు జంతువులను బహిరంగముగా హింసించుట 1850 నుండియు నేరమే. అయితే 1951లో ఒక సవరణ చేసి, స్థానికాచారము అవిచ్ఛిన్నముగా నడచుచున్న తావులలో ఎద్దుల పోరునకు శిక్ష లేదనిరి. 2012లో ఆ దేశపు రాజ్యాంగమండలి దీనిని సమర్థించినది. 2022లో మాన్పింపబూని పార్లమెంటునకు తెచ్చిన బిల్లు వోటునకు రాకముందే ఉపసంహరింపబడినది.

అవిచ్ఛిన్నాచారము! ఈ మాట చదివినంతనే నాకు మన యిండ్లలోని పెద్దల కంఠధ్వని వినబడినది. నాకు బస యిచ్చిన యింటి యజమానురాలు డెబ్బదియేండ్ల ముదుసలి, దయగల మనిషి. తాను ముద్ద ముట్టకముందే పిల్లికి పాలు పోయును. ఆమె నడిగితిని.

"మా తాత చూచెను, మా తండ్రి చూచెను, నేను చూచితిని. ఇప్పుడు మానుమన్న నెట్లు నాయనా?" అనెను.

"అమ్మా, ఈ పోరు ఫ్రాన్సునకు వచ్చినది 1853లో గదా. అంతకుముందు వేయేండ్లు అందు జనులు కాపురముండిరి. వారి యాచార మేమైనది?" అంటిని.

ఆమె కొంచెముసేపు ఊరకుండి, "వారు బీదవారు" అనెను.

ఈ యుత్తరమునకు నేను మాఱు పలుకలేదు. శాసనకర్తలు నూటయేబది పుటలలో చెప్పలేనిది ఆ యిల్లాలు రెండు మాటలలో చెప్పినది.

అదే రంగమున మఱియొక ఎద్దుల యాటయు కలదు. కామార్గ్ బయళ్లలో మేయు నల్లని ఎద్దుల కొమ్ములనడుమ చిన్న రిబ్బను ముక్క కట్టుదురు. తెల్లబట్టలు తొడిగిన పడుచువాండ్రు చేతికొక్కెముతో దానిని లాగికొనవలెను. ఎద్దును చంపరు, ఆట ముగిసిన వెనుక అది మేతకు పోవును. పేరుపొందిన ఎద్దుల పేర్లు గోడకాగితములమీద మనుష్యుల పేర్లకంటె పెద్ద యక్షరములతో నుండును. ఆచారమే కావలెనన్నచో ఇది యాచారము కాదా?

నాటకశాల కథ వేఱు. అగస్టసు చక్రవర్తి కాలమున పదివేలమందికై కట్టిన దానిని తరువాతివారు రాతిగనిగా వాడుకొని దేవాలయములు కట్టిరి. రంగస్థలమునకు వెనుక రెండు నిలువెత్తు స్తంభములు నేటికి నిలిచియున్నవి. ఊరివారు వానిని "ఇద్దఱు విధవలు" అని పిలుతురు. మన పత్రిక చదువువారి కీ పేరు నవ్వు తెప్పింపదు. 1651లో నచ్చట దొరకిన వీనస్ విగ్రహమును పట్టణమువారు పదునాలుగవ లూయీ రాజునకు కానుక యిచ్చిరి. అది యిపుడు పారిసులో నున్నది. ఊరివెలుపలి ఆలిస్కాం శ్మశానములోని చెక్కడపు శవపేటికలను గూడ నిట్లే గొప్పవారికి పంచిపెట్టిరి. మిగిలిన నేలను రైలుదారి చీల్చినది.

ఇక పండ్రెండవ శతాబ్దపు సెయింట్ ట్రోఫీం దేవాలయము. ఈ శిల్పరీతిని రోమనెస్కు అందురు. రోమకుల గుండ్రని కమానులను, దట్టమైన గోడలను మఱల చేపట్టిన రీతి యగుటచే ఆ పేరు వచ్చినది. దీని వాకిలిని జయించివచ్చిన రోమక చక్రవర్తి యూరేగు ద్వారము పోలికనే తీర్చిరి. కాని చక్రవర్తికి తగినచోట తీర్పు తీర్చు క్రీస్తు కూర్చుండియున్నాడు. ఆయన క్రింద పండ్రెండుగురు శిష్యులు. మన కెడమవైపున పుణ్యాత్ములు నిండుదుస్తులతో వరుసగా నడచుచుందురు. కుడివైపున పాపులు దిగంబరులై, ఒక్కటే బంధమునకు చిక్కి, మంటలలో నడచుచుందురు. రోమకుల ద్వారములమీద ఓడినవాడు బందీ. ఇచ్చట తప్పు చేసినవాడు బందీ. నరకమున నాకు నమ్మకము లేదు గాని, ఈ మార్పు చేసిన శిల్పి చేతులకు మ్రొక్కదలచితిని. లోపల నాల్గవ శతాబ్దపు శవపేటిక యొకటి శిశువులకు జ్ఞానస్నానము చేయించు తొట్టిగా మాఱినది. ప్రక్కనున్న ప్రాంగణమున నాలుగు వసారాలు. ఉత్తరపు, తూర్పు వసారాలలో గుండ్రని కమానులు, రెండువందలయేండ్లకు తరువాత కట్టిన తక్కిన రెంటిలో మొనదేలిన కమానులు. పాతదానిని పడగొట్టక, క్రొత్తదానిని పాతదానివలె నటింపనీయక కట్టినవారి వివేకము నాకు నచ్చినది.

బయలుదేఱు దినమున మఱల ఆరెన్ చూడబోతిని. నాలుగు బురుజులలో మూడు మిగిలియున్నవి, ఒకదానిపై కెక్కనిత్తురు. పైనుండి చూచిన ఎఱ్ఱపెంకుల యిండ్లును, వాని కావల రోన్ నదియు కనబడును. క్రిందనో, వట్టి యిసుక. బురుజులు పురాతనములని యుంచిరి. ఆ కాలపు ఇండ్లు మాత్రము పురాతనములు కాకపోయెను గాబోలు. ఏ కొలతతో నిట్లు నిర్ణయించిరని కావలివాని నడిగితిని. అతడు గడియారము చూచి, వేళ మించినది, దిగుడనెను.