తల వంచితేనే లోపలికి

తలుపు తీసిన ఐదో సెకనులో నుదురు ఠంగున కొట్టుకుంది. నా ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు. ఆ ద్వారబంధం ఐదున్నర అడుగులు కూడా లేదు. వెనకాల సూట్‌కేసులు పట్టుకుని వానలో నిలబడ్డ నా రూమ్మేట్ పగలబడి నవ్వాడు. రెండు నిమిషాల తర్వాత వంటగది గుమ్మంలో వాడికీ తగిలింది. లెక్క సరిపోయింది.

మేమిద్దరం రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. శుక్రవారం ఆఫీసు అయ్యాక రైలెక్కి కెంబుల్ స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి టాక్సీలో కాట్స్‌వోల్డ్స్‌లోని ఈ పల్లెకి వచ్చాం. ఇల్లు 17వ శతాబ్దం నాటిదని ఓనర్ పంపిన మెయిల్‌లో ఉంది. నవంబర్ కాబట్టి రేటు తగ్గింది. మూడు రాత్రులకి 390 పౌండ్లు, ఇద్దరం చెరి సగం.

ఇన్‌స్టాలో మీరు చూసే ఇంగ్లండ్ పల్లె ఇదే. తేనెరంగు రాతి గోడలు, గుమ్మం పక్కన గులాబీ తీగ, పైన పొగగొట్టం. ఫొటోలో కనపడనిది ఏంటంటే, చలి.

సిగ్నల్ ఒక్క గీత

గోడలు రెండడుగుల మందం ఉన్నాయి. కిటికీలు చిన్నవి. మేడ మీదకి వెళ్లే మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేసు తల మీద పెట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. పై గదిలో నేల ఒక పక్కకి వాలి ఉంది. ఛార్జర్ కింద పెడితే జారిపోయింది. కట్టెల పొయ్యి అంటించడానికి యూట్యూబ్ చూద్దామంటే వైఫై నత్తనడక, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ముప్పావు గంట పొగ మింగాక మంట అందుకుంది.

సిగ్నల్ వచ్చే చోటు ఇంట్లో ఒక్కటే, మేడ మీద కిటికీ. అక్కడ నిలబడగానే మా ఫ్యామిలీ గ్రూప్‌లో నాన్న మెసేజ్ వచ్చి పడింది. 'బిల్డర్ వచ్చి వెళ్లాడు. సోమవారం లోపు మాట చెప్పమంటున్నాడు.'

మాది మంగళగిరి. తాతయ్య కట్టిన పెంకుటిల్లు ఉంది. ముందు గదిలో గుంట మగ్గం మీద ఆయన ముప్పై ఏళ్లు చీరలు నేశాడు. ఆయన పోయాక గుంట పూడ్చేసి అక్కడ ఫ్రిజ్ పెట్టాం. అమరావతి పుణ్యమా అని ఇప్పుడు ఆ చుట్టుపక్కల స్థలాల రేట్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతానని, మాకు రెండు ఫ్లాట్లు ఇస్తానని బిల్డర్ అంటున్నాడు. నాన్నకీ ఇష్టమే. 'గోడలన్నీ చెమ్మ పట్టాయి, ఇంక ఆ ఇల్లు పనికిరాదు' అనేది ఆయన మాట. నేను కూడా సరే అనే మూడ్‌లోనే ఉన్నాను. రిప్లై మాత్రం ఇవ్వలేదు.

నేతగాళ్ల వరస

శనివారం పొద్దున్నే కాల్న్ నది పక్కన పొలాల గట్ల మీద నడుచుకుంటూ బైబరీ వెళ్లాం. అక్కడ ఆర్లింగ్టన్ రో అని ఒక ఇళ్ల వరస ఉంది. ఇంగ్లండ్‌లో అందరూ ఫొటోలు తీసుకునే వీధుల్లో అదొకటి. బ్రిటిష్ పాస్‌పోర్ట్ లోపలి అట్ట మీద కూడా ఒకప్పుడు దీని బొమ్మ వేశారు.

1380లో మఠం వాళ్లు దీన్ని ఉన్ని నిలవ చేసే గిడ్డంగిగా కట్టారు. 17వ శతాబ్దంలో గదులుగా విడగొట్టి నేతగాళ్లకి ఇళ్లుగా మార్చారు. వాళ్లు నేసిన బట్ట దగ్గర్లోని ఆర్లింగ్టన్ మిల్లుకి వెళ్లేది. తడి బట్టని ఎదురుగా ఉన్న పచ్చికలో కొయ్య చట్రాల మీద ఆరేసేవారు. అందుకే ఆ పచ్చికని ఇప్పటికీ రాక్ ఐల్ అంటారు.

ఇది చదివి కాసేపు అక్కడే ఆగిపోయాను. ఇవి జమీందార్ల బంగళాలు కావు. మా తాతయ్యలాంటి వాళ్ల ఇళ్లు. బట్ట నేసి పొట్ట పోసుకున్న వాళ్ల ఇరుకు గదులు.

మరి ఇన్ని వందల ఏళ్లు ఎలా మిగిలాయి? అందంగా ఉన్నాయని ఎవరో దాచిపెట్టలేదు. ఉన్ని వ్యాపారం దెబ్బతిని, నేత పని వేరే ఊళ్లలోని పెద్ద మిల్లులకి వెళ్లిపోయాక ఈ పల్లెల్లో డబ్బు ఆడలేదు. పాతది పడగొట్టి కొత్తది కట్టే స్తోమత ఎక్కువమందికి లేకపోయింది. ఆ లేమే ఇళ్లని కాపాడింది. తర్వాత చట్టం వచ్చింది. ఇలాంటి కట్టడాలు జాబితాకి ఎక్కాయంటే, వాటి రూపురేఖలు మార్చే ఏ పనికైనా అనుమతి తీసుకోవాలి. తీసుకోకపోతే అది నేరం.

ఆ వరసలో ఇప్పటికీ కాపురాలు ఉన్నాయి. టూరిస్టులు మాత్రం గోడలెక్కి మరీ సెల్ఫీలు దిగుతున్నారు. ఒక కిటికీ వెనక ఎవరో కర్టెన్ లాక్కోవడం చూసి ఫోన్ జేబులో పెట్టేశాను.

సున్నం, సిమెంటు

ఆదివారం పొద్దున ఇల్లు చూసుకునే పెద్దావిడ కట్టెలు తెచ్చి ఇచ్చింది. టీ ఇస్తే కూర్చుంది. వంటగది వెనక గోడ మిగతా వాటికన్నా కొత్తగా కనిపిస్తోందేంటని అడిగాను.

ఆవిడ చెప్పింది ఇది. ఎప్పుడో పాత ఓనర్ ఒకాయన ఆ గోడ సందుల్లో సిమెంటు పెట్టించాడు. గట్టిగా ఉంటుందని ఆయన ఉద్దేశం. కొన్నేళ్లకి లోపల చెమ్మ మొదలైంది, రాయి పొరలు పొరలుగా రాలింది. పాత గోడల్లోకి నేల నుంచి, వాన నుంచి తడి ఎలాగూ చేరుతుంది. సున్నం ఉంటే ఆ తడి మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంటు దానికి అడ్డు పడుతుంది. చివరికి అదంతా చెక్కేసి మళ్లీ సున్నమే పెట్టారట. ఒక వేసవి మొత్తం పట్టిందట.

నా చేతిలో టీ చల్లారిపోయింది. మా ఇంటి గోడలు గానుగ సున్నంతో కట్టినవి. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న అప్పు చేసి మరీ వాటికి సిమెంటు పూత వేయించాడు. 'పక్కా ఇల్లు' అయిందని వీధంతా స్వీట్లు పంచాం. చెమ్మ మొదలైంది ఆ తర్వాతే. ఇంజినీరింగ్ చదివిన నాకు ఈ రెండిటికీ సంబంధం ఉండొచ్చని ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఇల్లు ముసలిదైపోయిందని అనుకున్నాం అంతే.

ఆవిడ వెళ్లాక కిటికీ దగ్గర నిలబడి నాన్నకి ఫోన్ చేశాను.

"ఒక్క నెల ఆగు నాన్నా. సిమెంటు చెక్కేసి సున్నం పెడితే ఎంతవుతుందో కనుక్కుందాం."

"ఇప్పుడు సున్నం పని తెలిసిన మేస్త్రి ఎక్కడ దొరుకుతాడ్రా?"

"వెతుకుదాం."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నువ్వొచ్చి ఉంటావా ఆ ఇంట్లో?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ లేదు. ఈ కాటేజ్ నిలబడింది ఎవరో ఒకరు ఇక్కడ పొయ్యి వెలిగిస్తున్నారు కాబట్టి, ఆ అద్దెతో కప్పు బాగు చేయిస్తున్నారు కాబట్టి. లోపల హీటర్ ఉంది, వేడినీళ్ల షవర్ ఉంది. కాపాడటం అంటే ఏదీ ముట్టుకోకుండా ఉంచడం కాదని ఇక్కడ మూడు రాత్రులు పడుకుంటే తెలిసింది. మనుషులు ఉండేలా ఉంచడం. అది ఫొటోకి లైక్ కొట్టినంత సులువు కాదు, అంత చవకా కాదు.

నాన్న బిల్డర్‌ని నెల రోజులు ఆగమన్నాడు. బాబాయి సత్తెనపల్లిలో ఒక మేస్త్రిని వెతికి పట్టుకున్నాడు. వచ్చే వారం వచ్చి గోడ చూస్తానన్నాడట.

సోమవారం పొద్దున బయల్దేరేటప్పుడు నేను తల వంచే బయటికి వచ్చాను. రూమ్మేట్‌కి మాత్రం ఇంకోసారి తగిలింది.

మీరూ వెళ్లాలనుకుంటే

- నవంబర్ నుంచి మార్చి వరకు (క్రిస్మస్ రోజులు వదిలేసి) రేట్లు తక్కువ. చాలా కాటేజ్‌లు ఒక్క రాత్రికి ఇవ్వరు, కనీసం రెండు మూడు రాత్రులు తీసుకోవాలి.
- ఆర్లింగ్టన్ రోలోనే ఒక ఇంటిని నేషనల్ ట్రస్ట్ అద్దెకిస్తుంది. మాకు ఖాళీ దొరకలేదు. కావాలంటే చాలా ముందే చూసుకోండి.
- ఆదివారం బస్సుల్ని నమ్ముకోవద్దు. టాక్సీ ముందు రోజే మాట్లాడుకోండి.
- బియ్యం, పప్పు, పచ్చడి వెంట తీసుకెళ్లండి. పల్లెలో షాపు ఉండకపోవచ్చు.
- మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి.
- ఎవరి కిటికీలోకీ కెమెరా పెట్టకండి. అది వాళ్లిల్లు.