వేడి అరిసె

మొన్న సంక్రాంతికి నెల్లాళ్ల ముందు అమ్మ ఫోన్ చేసి, "ఈ ఏడు నేను అరిసెలు వండనే. కొనుక్కోండి" అంది. అమ్మకి 74 ఏళ్లు. ఆవిడ మోకాళ్ల సంగతి మాకు తెలియనిది కాదు. అయినా ఇంటిల్లిపాదీ కలవరపడిపోయాం. "అమ్మ చేతి అరిసె లేకుండా పండగేమిటి?" అన్నాడు అన్నయ్య. నిజం చెప్పొద్దూ, ముందు నాకూ ఆ మాటే తోచింది. ఆడవాళ్ల చాకిరీ గురించి సభల్లో మాట్లాడి వచ్చే నాకు! ఆ సిగ్గే ఇది రాయిస్తోంది.

మాది ధవళేశ్వరం. 1852లో ఆనకట్ట పూర్తయి, కాలవల వెంట వరి విస్తరించిన డెల్టాకి తలవాకిలి లాంటి ఊరు. సార్వా పంట ఇంటికొచ్చాక కొత్త బియ్యం, కొత్త బెల్లంతో అరిసెలు వండటం ఇక్కడ పండగకి మొదటి గుర్తు. ఆనకట్టకి కాటన్ దొర పేరుంది, విగ్రహముంది. అరిసెకి మాత్రం ఎవరి పేరూ లేదు.

పేరు లేకపోయినా అదేమీ చిన్న విద్య కాదు. బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి. నీళ్లు వాడ్చి, తడి ఉండగానే దంచాలి, జల్లించాలి, పిండి ఆరిపోకుండా గుడ్డ కప్పి అదిమిపెట్టాలి. పాకం చుక్క పళ్లెంలో నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పంటికి రాయి. పాకం చూడటానికి వీధిలో నాలుగిళ్ల వాళ్లు అమ్మని పిలిచేవారు. ఇవాళ మా ఇంట్లో, రేపు వాళ్లింట్లో. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపడం, ఒకరు వేపుతుంటే ఒకరు చెక్కల మధ్య నూనె నొక్కడం. ఆ పొయ్యి చుట్టూ ఎన్ని నవ్వులు, అత్తల మీద ఎన్ని కబుర్లు! వాళ్లకి దొరికిన సభ అదొక్కటే. ఆ సంతోషాన్ని నేను కాదనను.

కానీ విస్తళ్లు వేసేటప్పటికి ఆ సభ చెదిరిపోయేది. బూరెలు, పులిహోర, గుమ్మడికాయ దప్పళం ముందు పెద్దలకి పెట్టాక నాన్నగారు, బావగార్లు, మగపిల్లలు కూర్చునేవారు. తర్వాత మేము. అమ్మా మామ్మా చివరి పంక్తి. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, ఆ గారెలు వాళ్ల దాకా వచ్చేసరికి చల్లారి సాగేవి. కనుమ నాడు కాకైనా కదలదనీ అంటారు. మగవాళ్లు ప్రయాణాలు మానుకుని పేకాటకి కూర్చునేవారు. అమ్మ మాత్రం నూతికీ పొయ్యికీ మధ్య ప్రయాణం చేస్తూనే ఉండేది.

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిందని దేశమంతా చెప్పుకుంది. గోదావరి వాళ్ల మర్యాద అని మేమూ మురిసిపోయాం. రకాలు లెక్కపెట్టాం గానీ, అవి వండిన చేతులెన్నో లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా.

పోనీ, కొంటే ఈ చాకిరీ మాయమవుతుందా? అరిసెలకోసం రాజమండ్రిలో ఒక స్వగృహ దుకాణానికి వెళ్లాను. వెనక గదిలో మూకుళ్ల ముందు కూర్చున్నదంతా ఆడవాళ్లే. "మరి మీ ఇంట్లో పిండివంటలో?" అని ఒకావిడని అడిగాను. "ఇక్కడ వేపి వేపి ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి ముట్టించాలంటే ఏడుపొస్తుందండీ. ఇక్కడ డబ్బులన్నా ఇస్తారు" అంది. ఆ రెండో మాట నాతోపాటు ఇంటికొచ్చింది. మా బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే వచ్చే ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది, మంచిదే. మరి పొయ్యి దగ్గర కూర్చుని, వేడి కుండ మీద పిండినీళ్ల గుడ్డ పరిచి రేకు తీసే ఆడవాళ్లకి రోజు కూలి ఎంత గిడుతోందని అడగడం మనకింకా అలవాటు కాలేదు.

భోగి నాటి సాయంత్రం అన్నయ్యా నేనూ అరిసెలు వండటానికి దిగాం. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టాం. మొదటి వాయి నూనెలో ముక్కలైపోయింది. "పాకం లేతరా, దించెయ్యి" అంది అమ్మ కుర్చీలోంచే. మళ్లీ పాకం పట్టాం. ఈసారి నాలుగైనా అరిసెల్లా తేలాయి. ఒకటి నొక్కి పళ్లెంలో పెట్టి ఇచ్చాను. అమ్మ ఊదుకుంటూ తింది.

"ఇన్నేళ్లకీ కూర్చుని వేడి అరిసె తిన్నది ఇదేనే" అంది. ఏ నిష్ఠూరమూ లేదు ఆ గొంతులో. నిష్ఠూరం ఉంటేనే బావుండేది. కాస్సేపాగి, "నువ్వులు ఎక్కువయ్యాయి" అంది.

అన్నయ్య ఆ నాలుగు అరిసెలకీ ఫోటో తీసి చుట్టాలందరికీ పంపించాడు. మెచ్చుకోళ్లు రాత్రి దాకా వస్తూనే ఉన్నాయి. మాడిన మూకుడు మాత్రం వదిన తోమింది. నేనది చూసి, లేచి పక్కన కూర్చునేసరికి సగం అయిపోయింది.