కాస్త తాడు పట్టుకుంటారా?

సాయంత్రం ఎండ చల్లబడే వేళ. పడవల రేవులో చెక్క వంతెన మీద ఓ పెద్దాయన ఒక్కో పడవ దగ్గరా ఆగుతూ వస్తుంటాడు. పలకరింపులయ్యాక అసలు సంగతి అడుగుతాడు. ''మాకు సోమవారం తేదీ వచ్చింది. ఇద్దరు తక్కువయ్యారు. కాస్త తాడు పట్టుకుంటారా?''

అవతలివాళ్లు ఎందుకూ, ఎంతసేపూ అని అడగరు. ''ఎన్నింటికి రమ్మంటారు?'' అంటారు.

పనామా దేశంలో, కరీబియన్ తీరాన, కోలోన్ రేవుకు ఎదురుగా ఉంటుంది షెల్టర్ బే మెరీనా. ఒకప్పుడు అమెరికా సైన్యానిదైన ఫోర్ట్ షెర్మన్ స్థావరం అది. చుట్టూ అడవి, పాడుబడిన సైనిక భవనాలు, పొద్దున్నే అరిచి నిద్రలేపే కోతులు. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తెరచాప పడవలు కిక్కిరిసి ఉంటాయి. వాటిలో ఉండేవాళ్లు సరదాగా వారం రోజుల షికారుకు వచ్చినవాళ్లు కారు. ఇల్లు అమ్ముకునో, అద్దెకిచ్చో, ఉద్యోగం మానేసో పడవనే ఇల్లు చేసుకున్నవాళ్లు. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, కెనడా, న్యూజిలాండ్... ఎక్కడెక్కడివాళ్లో. అందరూ ఎదురుచూసేది ఒక్క దాని కోసమే. పనామా కాలువ దాటే రోజు!

ఇక్కడే ఓ చిక్కుంది. పెద్ద ఓడైనా, పన్నెండు మీటర్ల చిన్న పడవైనా కాలువ దాటాలంటే కెనాల్ సంస్థ నిబంధనలు పాటించాల్సిందే. చిన్న పడవకు నాలుగు పొడవాటి మోకులుండాలి. ఒక్కోటీ కనీసం 125 అడుగులు. ఆ నాలుగింటినీ పట్టుకోవడానికి నలుగురు మనుషులుండాలి. చుక్కాని పట్టే సరంగు వాళ్లకు అదనం. అంటే మొత్తం ఐదుగురు. కానీ ఈ పడవల్లో ఎక్కువ భాగం ఆలుమగలు ఇద్దరే ఉంటారు. మరి మిగతా ముగ్గురు ఎక్కణ్నుంచి రావాలి?

డబ్బిస్తే మనుషులు దొరకరా అంటే, దొరుకుతారు. కోలోన్‌లో ఆ పనే వృత్తిగా చేసుకునే కుర్రాళ్లున్నారు. పనిలో నేర్పరులు కూడా. అయినా చాలామంది పక్క పడవవాళ్లనే అడుగుతారు. ఖర్చు మిగులుతుందన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం భయం. తన పడవతో కాలువలోకి వెళ్లేముందు, వేరేవాళ్ల పడవలో ఓసారి వెళ్లి చూసొస్తే ధైర్యమొస్తుంది. నాట్ల కాలంలో మన పల్లెల్లో ఒకరి చేలోకి ఒకరు బదులు వెళ్తారు కదా, అచ్చం అలాగే. ఈ వారం నేను నీ తాడు పట్టుకుంటా, వచ్చేవారం నువ్వు నాది పట్టుకో. డబ్బు చేబదులు తీసుకోవడం మనకు తెలుసు. ఇక్కడ చేతుల్నే చేబదులిస్తారు!

ఇంటిపేరు... పడవ పేరే

ఈ జనానికి ఓ ఊరంటూ లేదు. అయినా ఊళ్లో ఉండే హంగులన్నీ ఉన్నాయి. పొద్దున్నే వీహెచ్ఎఫ్ రేడియోలో కచేరీ మొదలవుతుంది. ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు వెళ్లిపోతున్నారు, వాతావరణం ఎలా ఉంది, ఇంజిన్ విడిభాగం ఫలానాది ఎవరి దగ్గరైనా ఉందా, తాజా కూరగాయలు ఎక్కడ దొరుకుతాయి... అన్నీ అందులోనే. మనుషుల పేర్లతో పెద్దగా పనుండదు. పడవ పేరుతోనే పిలుచుకుంటారు. ఏడాదిపాటు కలిసి తిరిగినవాళ్లకు కూడా అవతలివాళ్ల అసలు ఇంటిపేరు తెలియకపోవచ్చు. పడవ పేరే ఇంటిపేరు.

సాయంత్రాలు ఎవరి వంటకం వాళ్లు తెచ్చుకుని అందరూ కలిసి తింటారు. కంచం, గ్లాసు కూడా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. పడవలో మంచినీళ్లకు కరువు కాబట్టి అన్ని గిన్నెలు తోమే పని ఎవరి నెత్తినా పెట్టరు. చదివేసిన పుస్తకాలు మార్చుకుంటారు. తాము దాటొచ్చిన దేశాల జెండాలు, పటాలు అటు వెళ్లేవాళ్లకు ఇచ్చేస్తారు. పిల్లలున్న పడవలు మరీ ప్రత్యేకం. ఏ రేవులోనైనా తమ పిల్లల ఈడు పిల్లలున్న పడవ కనిపిస్తే, తల్లిదండ్రులు వెళ్లాల్సిన తేదీ కూడా వాయిదా వేసుకుంటారు. అమెరికాలో 1952లోనే ఇలా తిరిగేవాళ్లు కొందరు కలిసి సెవెన్ సీస్ క్రూజింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అప్పటికది గుప్పెడు పడవల వ్యవహారం. 1986లో జిమ్మీ కార్నెల్ మొదలుపెట్టిన అట్లాంటిక్ ర్యాలీ తర్వాత యూరప్ నుంచి కరీబియన్‌కు గుంపులుగా రావడం అలవాటైంది. ఆ గుంపుల్లో కొందరు అక్కడితో ఆగరు. పనామా దాకా వస్తారు.

అలాగని ఇదంతా స్వర్గసీమ అనుకోనక్కర్లేదు. నెలల తరబడి రెండు గదులంత చోటులో ఉండే ఆలుమగలకు గొడవలు తప్పవు. సాయం తీసుకుని, తన వంతు వచ్చేసరికి మాయమయ్యేవాళ్లూ ఉంటారు. ఆ కబురు మాత్రం రేడియో కంటే వేగంగా పాకుతుంది. తర్వాతి రేవులో ఆ పడవను చూసి చేయి ఊపేవాళ్లు తగ్గిపోతారు.

ఈ కాలువ లేకపోతే వీళ్లలో చాలామంది పసిఫిక్ ముఖం చూసేవాళ్లు కాదు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి రావడం అందరి వల్లా అయ్యే పని కాదు. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచాక న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఓడ దారి సుమారు 22,500 కిలోమీటర్ల నుంచి 9,500కు తగ్గిపోయింది. మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు 2017-18లో 'తారిణి' పడవలో భూమిని చుట్టొచ్చారు గుర్తుందా? విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య కూడా అందులో ఉన్నారు. వాళ్లది అసలు సిసలు ప్రదక్షిణ. కాలువల్లోంచి అడ్డదారిన వెళ్లకూడదన్నది అందులో షరతు. అందుకే 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టి వచ్చారు. వాళ్లది శిక్షణ పొందిన నౌకాదళ బృందం. అరవై ఏళ్ల రిటైర్డ్ మాస్టారికీ, ఆయన భార్యకూ కాలువే దిక్కు.

నీటి మెట్లు

లాకులంటే మన గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర లాకు తలుపులు మూయడం, నీళ్లు నింపడం, పడవ పైకి తేలడం చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. పనామాలోనూ సూత్రం అదే. కొలతలే వేరు. ఒక్కో గది పొడవు 305 మీటర్లు, వెడల్పు 33.5 మీటర్లు. సముద్రం నుంచి గాటున్ చెరువులోకి వెళ్లాలంటే అలాంటి మూడు గదుల్లో మూడు మెట్లెక్కాలి. మొత్తం 26 మీటర్ల ఎత్తు. పంపుల్లేవు. ఎత్తున ఉన్న చెరువు నీరే కిందికి దిగి గదులు నింపుతుంది.

ఆ రోజు పొద్దుట్నుంచే పడవలో హడావుడి. లావుపాటి మోకులు అద్దెకు తెచ్చుకుంటారు. పాత కారు టైర్లకు ప్లాస్టిక్ చుట్టి పడవ చుట్టూ వేలాడదీస్తారు. గోడకు రాసుకుంటే పడవ పగిలిపోకుండా అవే కాపలా. పైనున్న సోలార్ పలకల మీద పరుపులు, దిండ్లు పరుస్తారు. ఎందుకంటే గోడ మీది కెనాల్ సిబ్బంది సన్నతాడు విసురుతారు. దాని కొసన పిడికిలంత బరువైన ముడి ఉంటుంది. అది పలక మీద పడిందంటే అంతే సంగతులు!

వంట సంగతి మరోటి. ఐదుగురికి రెండు రోజులు వండాలి. కెనాల్ సంస్థ పంపే అడ్వైజర్ ఆరో మనిషి. ఆయనకు వేడివేడి భోజనం, సీలు తీయని నీళ్ల సీసా ఇవ్వాలి. తిండి బాగోలేదంటే బయటి నుంచి తెప్పించుకుంటాడని, ఆ బిల్లు పడవ యజమానికే పడుతుందని రేవులో అందరూ హెచ్చరిస్తారు. దాంతో ఆ రోజు ఇంటావిడకు తాళ్ల కంటే పొయ్యి మీదే బెంగ. ఇంటికి కొత్త అల్లుడొచ్చినంత హడావుడి.

మధ్యాహ్నమో సాయంత్రమో అడ్వైజర్ లాంచీలో వచ్చి ఎక్కుతాడు. చాలాసార్లు రెండు మూడు పడవల్ని పక్కపక్కనే కలిపి కట్టేస్తారు. మధ్యలో ఉండే పడవే అందరికీ ఇంజిన్. తాళ్ల పనంతా అంచు పడవల వాళ్లది. ముందు ఓ భారీ ఓడ గదిలోకి వెళ్తుంది. దాని తోక వెనక ఈ చిన్న పడవలు. వెనక తలుపులు మూసుకుంటాయి. ఒక్కో తలుపూ వందల టన్నులు. తలెత్తితే తడి గోడలు, పైన దీపాలు.

నీళ్లు అడుగు నుంచి ఉబికి వస్తాయి. చూడ్డానికి మరుగుతున్న ఎసరులా ఉంటుంది. పడవ పైకి తేలేకొద్దీ తాడు వదులవుతుంది. వదులైనంత మేరా వెంటనే లాగెయ్యాలి. నలుగురిలో ఒక్కరు ఏమరుపాటుగా ఉన్నా పడవ పక్కకు తిరుగుతుంది. తిరిగితే కాంక్రీటు గోడ కాచుకుని ఉంది. అంతకంటే ప్రమాదం, ముందున్న ఓడ కదిలేటప్పుడు. దాని ప్రొపెల్లర్ తిరగడంతో గది నిండా సుడులు లేస్తాయి. ఆ తోపుకు తాళ్లు తీగల్లా బిగుసుకుంటాయి. ''ఎడమ వెనక... పట్టు! వదలొద్దు!'' అని అడ్వైజర్ కేకేస్తాడు. ఆ ఎడమ వెనక తాడు పట్టుకున్న మనిషి ఎవరు? పదిహేను రోజుల కిందట విందులో బంగాళదుంపల కూర పట్టుకొచ్చినావిడ! పడవ ఎవరికైనా సొమ్ము కాదు, వాళ్ల ఇల్లు. జీవితకాలం కూడబెట్టినదంతా ఆ కాసేపూ ఆవిడ అరచేతుల్లో ఉంటుంది.

మూడో గది దాటేసరికి సాధారణంగా చీకటి పడుతుంది. చెరువులో పెద్ద తేలుబోయాకు పడవ కట్టేస్తారు. అడ్వైజర్ లాంచీలో దిగి వెళ్లిపోతాడు. అక్కడికి అంతా ఊపిరి పీల్చుకుంటారు. పక్కనే చల్లటి మంచినీళ్ల చెరువు. దూకాలనిపిస్తుంది. కానీ ఈత నిషేధం, మొసళ్లున్నాయి. (1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ రచయిత ఈ కాలువను ఏకంగా ఈదేశాడు. ఆయన్నూ ఓడ కిందే లెక్కగట్టి బరువును బట్టి 36 సెంట్ల సుంకం వసూలు చేశారు!) చీకట్లో అడవి శబ్దాలు వింటూ, అరచేతుల బొబ్బలు ఒకరికొకరు చూపించుకుంటూ భోజనాలు చేస్తారు. ఉన్న నాలుగు పక్కలూ అతిథులకిచ్చి ఇంటివాళ్లు పైన పడుకోవడం మామూలే.

నీళ్లుంటేనే

ఆ చెరువు చాగ్రెస్ నదికి ఆనకట్ట వేయడంతో ఏర్పడింది. మునిగిపోయిన అడవి చెట్ల మోళ్లు ఇప్పటికీ నీళ్లపైకి కనిపిస్తాయి. పాత లాకుల్లోంచి ఓ ఓడ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రం పాలవుతుంది. పనామా ప్రజల్లో సగం మందికి తాగునీళ్లూ ఈ కాలువ పరిధిలోని చెరువులవే. 2023లో వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగంటుతుంటే రోజుకు 36 ఓడలు దాటే కాలువలో ఆ సంఖ్యను 24కు తగ్గించారు. 2024లో మళ్లీ పెంచారు. ఆ చలికాలంలో తెరచాప పడవలవాళ్ల గుండెల్లో రాయి పడింది. పెద్ద ఓడలే వరుసలో నిలబడితే తమనెవరు పట్టించుకుంటారని! వాళ్ల బెంగకు అర్థముంది. 2009లో కోలోన్ వైపు ఉన్న పాత పనామా కెనాల్ యాట్ క్లబ్బును కంటెయినర్ రేవు విస్తరణ కోసం కూల్చేశారు. దశాబ్దాలుగా ఈ జనం తాళ్లు పట్టేవాళ్లను వెతుక్కున్న చోటది. కాలువకు రాబడి తెచ్చేది పెద్ద ఓడలే. అన్నీ కలిపి వేల డాలర్లు కట్టినా ఈ పడవల సొమ్ము ఆ లెక్కలో ఓ మూలకు రాదు.

వదలడమే కష్టం

రెండో రోజు పొద్దున్నే మరో అడ్వైజర్ వస్తాడు. చెరువు, కొండను తొలిచిన కులేబ్రా కోత దాటి పెద్రో మిగేల్ దగ్గర ఓ మెట్టు, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు మెట్లు దిగాలి. ఈసారి పడవలు ముందు, ఓడ వెనక. తలెత్తి వెనక్కి చూస్తే ఓడ ముక్కు ఐదంతస్తుల మేడలా మీదికొస్తుంటుంది. దిగేటప్పుడు తాడు లాగే పని లేదు, కొద్దికొద్దిగా వదలాలి. సులువనిపిస్తుంది కానీ, ఇనుప కొమ్ముకు చుట్టిన తాడు బిగుసుకుపోతే నీళ్లు కిందికి పోతూ పడవ గోడకు వేలాడే గతి పడుతుంది.

మిరాఫ్లోరెస్ దగ్గర కెనాల్ వాళ్ల కెమెరాలున్నాయి. వేల మైళ్ల దూరంలో మనవలు, అమ్మానాన్నలు కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తుంటారు. పడవలో వాళ్లంతా ఆ కెమెరా వైపు తిరిగి చేతులూపుతారు. ఒక చేత్తోనే లెండి, రెండో చేతిలో తాడుంటుంది!

ఆఖరి తలుపులు తెరుచుకుంటాయి. అవతల పసిఫిక్. కరీబియన్ వైపు పోటుపాట్ల తేడా మీటరు కూడా ఉండదు, ఇక్కడ ఐదు మీటర్లు దాటిపోతుంది. వాసన కూడా వేరే. వంతెన కిందుగా బల్బోవా చేరాక కావలింతలు, ఫొటోలు. గలపగోస్ దీవులకు ఇక్కణ్నుంచి 900 నాటికల్ మైళ్లు. మార్కెసస్‌కు ఆ తర్వాత మరో 3 వేలు, అంటే మూడు నాలుగు వారాలు నేల కనిపించదు. రెండు రోజులు ఒకే గిన్నెలో తిన్నవాళ్లలో కొందరు పసిఫిక్ దాటతారు. కొందరు వెనక్కి, కరీబియన్‌కే. 'తాహితీలో కలుద్దాం' అంటారు. కలిసేవాళ్లు కొందరే.

సాయానికొచ్చినవాళ్లు సంచులు సర్దుకుని ఆల్‌బ్రూక్ బస్టాండుకు బయల్దేరతారు. వాళ్ల తేదీ గురువారం. ఈ పడవ పెద్దాయన బుధవారం బస్సులో వెనక్కొచ్చి వాళ్ల తాడు పట్టుకోవాలి. బస్సు కోలోన్ చేరేసరికి చీకటి పడుతుంది. అద్దె టైర్లు వాళ్లకంటే ముందే చేరి ఉంటాయి.