పన్ను బిల్లులో కాలేజీ పేరు

అక్టోబరు వచ్చిందంటే టెక్సస్‌లో మా ఇంటికి పన్ను బిల్లు వస్తుంది. ప్లేనో, ఫ్రిస్కో వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వారమంతా అదే గోల. బిల్లులో నగరానికి ఇంత, కౌంటీకి ఇంత, బడికి ఇంత అని వరుసగా రాసి ఉంటుంది. అందులో ఒక వరుస కాలిన్ కాలేజీది. ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకూ 8 సెంట్ల పైచిలుకు. మినహాయింపుల సంగతి పక్కనపెడితే, ఐదు లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి సుమారు నాలుగు వందల డాలర్లు. మన పిల్లలు అందులో చదివినా, చదవకపోయినా కట్టాల్సిందే.

అది మా కాలిన్ కౌంటీ రెండేళ్ల చదువుల కాలేజీ. కాలేజీ విస్తరణ కోసం 60 కోట్ల డాలర్ల బాండ్లు తేవచ్చా అని 2017లో ఓటర్లనే అడిగారు. సరేనన్నారు. 2020లో ఆలెన్ పట్టణంలో టెక్నికల్ క్యాంపస్ తెరిచారు. వెల్డింగ్, ప్లంబింగ్, ఏసీ మరమ్మతు, కార్ల రిపేరు నేర్పుతారక్కడ. మాకు తెలిసిన తెలుగింటి కుర్రాడొకడు ఏసీ కోర్సులో చేరితే, వాళ్లమ్మ ఇండియాకు ఫోన్ చేసినప్పుడల్లా "ఇంజినీరింగే, కూలింగ్ సిస్టమ్స్" అని చెప్పుకొచ్చింది. జులై ఎండల్లో ఏసీ ఆగిపోతే ఇప్పుడు మేమంతా వాడికే ఫోన్ చేస్తున్నాం.

మొన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు బాచుపల్లిలో మా మావయ్య వాళ్లింట్లో దిగాను. పొద్దున ఎనిమిదింటికి రోడ్డు నిండా కాలేజీ బస్సులే. వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి, గోకరాజు రంగరాజు, ఆడపిల్లల బీవీఆర్ఐటీ అన్నీ ఆ చుట్టుపక్కలవే. పక్కనే డాక్టర్ రెడ్డీస్ ప్లాంట్లు. ఆ మధ్యాహ్నమే అపార్ట్‌మెంటు లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయింది. మెకానిక్ కూకట్‌పల్లి నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. వెంట వచ్చిన కుర్రాడు కంట్రోలర్ పెట్టె మూత తీసి, సెల్‌ఫోన్ లైటు పళ్ల మధ్య పట్టుకుని వైర్లు చూస్తున్నాడు. ఏం చదివావని అడిగాను.

"బీటెక్ మెకానికల్ సార్. రీయింబర్స్‌మెంట్‌లో చదివిన. పనేమో అన్న దగ్గర నేర్చుకుంటున్న."

ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. 10 వేలు దాటిన ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి సర్కారు ఏటా 35 వేల దాకా ఫీజు ఇస్తుంది. నాలుగేళ్లకు లక్షా నలభై వేలు. వాడికి అన్నం పెట్టే పని నేర్పిన అన్నకు మాత్రం పైసా రాలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వద్దనేవాణ్ని కాను. దాంతోనే తొలిసారి కాలేజీ గడప తొక్కిన ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. కానీ ఆ డబ్బు కుర్రాడు కాలేజీలో ఉన్నాడా లేదా అన్నదే చూస్తుంది. ఏం నేర్చుకున్నాడో చూడదు. ఆ చూడని భాగమంతా అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లింది, అదీ తల్లిదండ్రుల సొంత ఖర్చుతో.

సర్కారు ఏమీ చేయడం లేదనడం అన్యాయం. 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా (ఏటీసీలుగా) మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో మొదలైంది. మొత్తం ఖర్చు 2,324 కోట్లు. అందులో సర్కారు వాటా 308 కోట్లకు కాస్త తక్కువ, మిగతాది టాటా టెక్నాలజీస్‌ది. ఒప్పందం పదేళ్లకు. అదే ఏడాది ఆగస్టు 1న నగరానికి దక్షిణాన మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన చేశారు. దానికి ఆనంద్ మహీంద్రా ఛైర్మన్. రోబోలు, కొత్త యంత్రాలు వస్తున్నాయంటే నాకూ సంతోషమే. నా అనుమానం యంత్రాల మీద కాదు. పదకొండో ఏడు ఆ యంత్రానికి నూనె పోసేదెవరు, పాఠం చెప్పే మాస్టారికి జీతం ఇచ్చేదెవరు?

టెక్సస్‌లోనూ మొదట్నుంచీ అంతా సవ్యంగా ఏమీ లేదు. ఇదివరకు చాలావరకు విద్యార్థులు తరగతిలో కూర్చున్న గంటలను బట్టే రాష్ట్రం కాలేజీలకు డబ్బిచ్చేది. 2023లో చట్టం మార్చారు. ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఎందరు పూర్తి చేశారు, ఎందరు యూనివర్సిటీకి వెళ్లారు అన్నదాన్ని బట్టి ఇప్పుడు నిధులు ఇస్తున్నారు. దీంతో చదువులో వెనకబడ్డవాళ్లను కాలేజీలు చేర్చుకోవేమోనన్న భయమూ ఉంది. అందుకే పేద విద్యార్థులు, వయసు మీరి చేరినవాళ్లు పూర్తి చేస్తే ఎక్కువ లెక్క కడతారు.

ఇదంతా మావయ్యకు చెప్పి, పని నేర్పే చదువుకని అలాంటి పన్ను మనకూ ఉంటేనో అన్నాను. ఆయన గయ్యిమన్నారు. "ఇంకో పన్నా? కడుతున్నవాటికే దిక్కులేదు. రసీదు చూశావా?"

తెచ్చి చూపించారు. అందులో గ్రంథాలయ పన్ను ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు పుస్తకాల పేరున వసూలవుతాయి. (మా 8 సెంట్లకూ దీనికీ పోలిక లేదు, అది ఇంటి విలువ మీద, ఇది పన్ను మీద.) అంటే ఒక పనికని పేరు పెట్టి పన్ను వసూలు చేయడం మనకు కొత్తేమీ కాదు, అరవై ఏళ్లకు పైగా ఉన్నదే. వసూలైన సొమ్మును మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేయకపోవడం మాత్రం ఏళ్ల తరబడి నలుగుతున్న గొడవ. మావయ్య కోపంలో న్యాయముంది. పేరు పెట్టి వసూలు చేసినంత మాత్రాన చాలదు. ఆ డబ్బు ఎక్కడికి చేరిందో కూడా కట్టినవాడికి కనిపించాలి.

కాబట్టి కొత్త పన్ను మాట ఇప్పుడే వద్దు. ముందు లెక్క చెప్పమందాం. ఏటీసీల్లో ఎందరు చేరారు, ఎందరు పూర్తి చేశారు, ఏడాది తర్వాత ఎందరు అదే పనిలో ఉన్నారు, జీతమెంత? ప్రతి ఐటీఐ గేటు దగ్గర ఈ నాలుగు అంకెలూ ఏటా బోర్డు మీద రాయాలి. బాచుపల్లిలో, నిజాంపేటలో, మియాపూర్‌లో ఫ్లాట్లు కొని ఇంటి పన్ను కడుతున్న ప్రవాసులకు నాదొక్కటే మనవి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు దగ్గర్లో ఉన్న ఐటీఐకి వెళ్లి ఆ అంకెలు అడగండి.