ఆగండాగండి, ఆసు అప్పుడే వద్దు!

ఏమండీ, రమ్మీ అంటే భోజనం మానేసి కూర్చుంటారు, బ్రిడ్జి అనగానే ఎందుకలా జారుకుంటారు? “అమ్మో, దానికి బుర్ర కావాలి” అంటారా? బుర్రకేం, అందరికీ ఉంది. కావలసింది కాస్త ఓపిక. అది కూడా ఎప్పుడు? డమ్మీ, అంటే జోడీ ముక్కలు, బల్ల మీద పరిచాక, మొదటి ముక్క వేసే ముందు. సరిగ్గా అప్పుడే కదా మన చెయ్యి ఊరుకోనిది!

ఇదిగో, ఈ పేక పట్టుకోండి. ఇస్పేటు ఆసు, రాజు, రెండు చిన్నవి. ఆటీను ఆసు, రెండు చిన్నవి. డైమన్లు మూడూ చిన్నవే. కళావరు ఆసు, రెండు చిన్నవి. ఆసుకి 4, రాజుకి 3 చొప్పున 15 పాయింట్లు. మీరు వన్ నో ట్రంప్ అన్నారు. అంటే 15 నుంచి 17 ఉన్నాయని జోడీకి చెప్పేసినట్టే. ఆయన దగ్గర 10 ఉన్నాయి. పదీ పదిహేనూ పాతిక, గేముకి చాలు. నేరుగా త్రీ నో ట్రంప్ అనేశాడు. ఎంత ముచ్చటైన బిడ్డింగండీ!

కొందరుంటారు, అంత బలం పెట్టుకుని టూ నో ట్రంప్ అని నసుగుతారు. వాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా కోటీశ్వరుడు పనామా కాలువ మీదుగా ఓడలో వెళ్తూ కొత్త స్కోరింగు తయారుచేశాడు. పాడుకున్నంత వరకే గేము లెక్కలోకి వస్తుందన్నాడు. టూ అని తొమ్మిది ట్రిక్కులు లాగినా గేము రాదు మరి. నసిగి ఏం లాభం?

సరే, ఆటలోకి రండి. ఎడమ పక్కాయన చిన్న ఆటీను వేశాడు. డమ్మీ పరిచారు. అబ్బ, ఆ డైమన్లు చూశారా? ఆసు, రాణి, జాకీ, పది, తొమ్మిది! కళావరు రాజు కూడా ఉంది. ఆటీన్లు మాత్రం రెండు, రెండూ చిన్నవే. కుడి పక్కాయన ఆటీను రాణి వేశాడు. మీ ఆసు గంతులేస్తోంది కదూ? దాన్ని కాసేపు కూర్చోబెట్టండి. ముందు లెక్క.

ఇస్పేట్లు రెండు, ఆటీను ఒకటి, డైమను ఒకటి, కళావర్లు రెండు. ఆరు ట్రిక్కులు చేతిలో ఉన్నట్టే. గేముకి తొమ్మిది కావాలి, ఇంకో మూడు డైమన్లలో రావాలి. డైమను రాజుకి ఒక ట్రిక్కు పోయినా ఆసుతో కలిపి మనకి నాలుగు మిగులుతాయి. మొత్తం తొమ్మిది! అంటే భయం డైమను రాజు గురించి కాదు. అది పడ్డాక వెనక్కి వచ్చే ఆటీను గురించి.

ఎదుటివాళ్ల దగ్గర ఎనిమిది ఆటీన్లున్నాయి. అవి 5-3గా చీలే అవకాశం 47 శాతం. మరి ఆసుని ఎన్నిసార్లు దాచాలి? మన ఇద్దరి ఆటీన్లు ఐదు. ఏడులోంచి ఐదు తీసేస్తే రెండు. రెండుసార్లు వదిలేయండి, మూడోసారి ఆసు కొట్టండి. ఈ ఏడు లెక్క గుర్తుంచుకోండి, మహా పనికొస్తుంది.

ఇప్పుడు చేతిలోంచి చిన్న డైమను, డమ్మీలోంచి రాణి. కుడి పక్కాయన రాజుతో కొట్టాడా? కొట్టనీండి! ఆయన దగ్గర ఆటీన్లు అయిపోయాయి. ఎడమ పక్కాయన రెండు ఆటీన్లు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు, ఆయనకి అందించేవాళ్లు లేరు. ఆ చూపు చూడటం కోసమైనా బ్రిడ్జి నేర్చుకోవాలండీ! అదే మొదటి ట్రిక్కుకే ఆసు వేసి ఉంటే? డైమను రాజు ఒకటి, ఆటీన్లు నాలుగు. ఒక్క ట్రిక్కులో మునిగేవాళ్లం.

వయసైపోయింది, ఇప్పుడేం నేర్చుకుంటాం అంటారా? 2018 జకార్తా ఏషియాడ్‌లో బ్రిడ్జి పురుషుల జోడీ స్వర్ణం మనవాళ్లదే. ప్రణబ్ బర్ధన్‌కి అప్పటికి 60, శివనాథ్ సర్కార్‌కి 56. ఇక సాకులు చెప్పకండి!

ఇందాకటి ఆటలో ఆటీన్లు 4-4గా చీలితేనో? ఆ ప్రశ్న అడిగారా, మీకు బ్రిడ్జి పట్టేసిందన్నమాట. అప్పుడు కుడి పక్కాయన దగ్గర ఇంకో ఆటీను ఉంటుంది, కొడతాడు. కొట్టనీండి. ఆటీన్లు మూడు, డైమను రాజు ఒకటి, వాళ్లకి నాలుగే. మన తొమ్మిదీ మనకి భద్రం!