కోలారు తెలుగుకు బడిలో ఒక గంట

బెంగళూరు నుంచి తూర్పుగా 70 కిలోమీటర్లు వస్తే బంగారుపేట జంక్షన్. మైసూరు కమిషనరుగా పనిచేసిన బౌరింగ్ దొర పేరుతో ఒకప్పుడిది బౌరింగ్‌పేట. దొర పేరు రాలిపోయి బంగారం మిగిలింది. ఇక్కణ్నుంచి మారికుప్పం దాకా 16 కిలోమీటర్ల లైను 1894లో కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) కోసమే వేశారు. గనులు మూతపడ్డాయి గానీ బండి ఆగలేదు. ఇప్పుడది పొద్దు పొడవక ముందే జనాన్ని బెంగళూరు కొలువులకూ కూలికీ మోసుకుపోయి, చీకటి పడ్డాక తెచ్చి దించుతోంది. కోరమండల్, ఊరుగాం, చాంపియన్, మారికుప్పం అంటూ స్టేషన్లు వరసగా వస్తుంటే ఒకే సీటు మీద తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ సర్దుకుని కూచుంటాయి. నేనీ దారి పట్టింది బంగారం కోసం కాదు, పట్టినా దొరికేదేమీ లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివే కోలారు పిల్లల నోటిమాటకు ఆ బడిలో ఏ చోటుండాలన్నది నా ప్రశ్న.

మారికుప్పంలో దిగితే ముందు కంటబడేవి సయనైడ్ దిబ్బలు. నూరేళ్లకు పైగా రాతిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన బూడిదరంగు పొడిని కొండలుగా పోశారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి 90 మైళ్లకు పైగా తీగలు లాగి ఇక్కడికి కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఈ కథ చాలామంది చెప్పారు. నాకు పట్టింది వేరే సంగతి. ఇక్కడ అజమాయిషీ పనులకు వచ్చిన తెల్లవాళ్లలో చాలామంది ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్న్‌వాల్ గని పనివాళ్లు. వాళ్ల ముత్తాతలు మాట్లాడిన కార్నిష్ భాష 18వ శతాబ్దం ముగిసేసరికే వాడుకలోంచి పోయింది. ఇక్కడ ఊరుగాంలో కార్న్‌వాల్ మనుషులు గనుల్లో దిగుతున్న రోజుల్లోనే, 1904లో, అక్కడ హెన్రీ జెన్నర్ అనే ఆయన కార్నిష్ వాచకం రాసి పోయిన భాషను మళ్లీ పలికించే పని మొదలుపెట్టాడు. నాలుక మీద ఉన్నప్పుడు ఖర్చు లేకుండా నిలిచే భాషను, పోయాక తెచ్చుకోవాలంటే వ్యాకరణం దగ్గర్నుంచి కట్టుకు రావాలి.

రాబర్ట్‌సన్‌పేట బజారులో నిలబడితే మరో రాబర్ట్‌సన్ గుర్తొస్తాడు. జేమ్స్ రాబర్ట్‌సన్ స్కాట్లండు నవలాకారుడు. 2002లో మాథ్యూ ఫిట్‌తో కలిసి ‘ఇచీ కూ’ అనే పేరుతో స్కాట్స్ భాషలో పిల్లల పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు. స్కాట్స్‌కు వచ్చిన తిప్పలే కోలారు తెలుగుకూ వచ్చాయి. స్కాట్స్ ఇంగ్లీషుకు దగ్గరి చుట్టం. ఆ చుట్టరికమే దాని నెత్తిన కూర్చుంది: వేరే భాష అంటే గౌరవించేవాళ్లేమో గానీ, ఇది ‘చెడిపోయిన ఇంగ్లీషు’ అనుకున్నారు. 1872 విద్యా చట్టం తర్వాత బళ్లలో ఇంగ్లీషు రాజ్యమేలింది, స్కాట్స్ మాట దిద్దవలసిన తప్పుగా మిగిలింది. అయినా 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి అడిగితే 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ వచ్చన్నారు. ఇవాళ అక్కడి ప్రాథమిక బళ్లలో జనవరి 25న కవి బర్న్స్ జయంతికి పిల్లలు స్కాట్స్ పద్యాలు వల్లిస్తారు, ఇంటి మాటల జాబితాలు గోడకు అంటిస్తారు. దీనివల్ల ఎవరి ఇంగ్లీషూ పాడవలేదు. 2025లో స్కాట్లండు పార్లమెంటు గేలిక్‌తో పాటు స్కాట్స్‌కూ అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది. చట్టం ఆఖర్న వచ్చింది, బడిగోడ మీది జాబితా ముందొచ్చింది. ఆ వరసే నాకు ముఖ్యం.

గనుల ఊరు దాటి, ఒకప్పుడు గనులకు తాగునీరు పంపిన బేతమంగళం చెరువు పక్కగా ముళబాగిలు వైపు వెళ్లే దారిలో మాట మెల్లగా మారుతుంది. తమిళం పలచబడి తెలుగు చిక్కనవుతుంది. ముళబాగిలు అంటే మూడల బాగిలు, తూర్పు వాకిలి. అది ఎటు తెరుచుకుంటుందో పేరే చెబుతోంది. నంగలి దాటితే చిత్తూరు దారి, శ్రీనివాసపురం దాటితే మదనపల్లె దారి. జిల్లాలో ఇంటి భాష తెలుగని రాయించుకున్నవాళ్లు కన్నడమని రాయించుకున్నవాళ్ల కంటే ఎక్కువ. ఆ తెలుగులో ‘ఉండాడు’, ‘యాడికి’, ‘వస్తా ఉండాది’ వినబడతాయి, సంగటి ముద్ద ఉంటుంది, మధ్యలో కన్నడం చనువుగా వచ్చి కూచుంటుంది. విజయవాడ నుంచి వచ్చినవాళ్లకు ఇది కలగాపులగం. బెంగళూరు వాళ్లకు ఇది అసలు కర్ణాటక మాటే కాదు. రెండూ తప్పే. ఈ తెలుగుకు సొంత సాహిత్యముంది. పాత కోలారు జిల్లాలోని కైవారంలో (2007లో జిల్లా విడిపోయాక అది చిక్కబళ్లాపురం వైపు వెళ్లింది) నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడాడు. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో అచ్చువేసుకుని చదివేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ లిపి సంగతి గుర్తుంచుకోండి, దానితో పనుంది.

ఈ తెలుగు పాటకు బడిలో వారానికి ఒక గంట ఇవ్వాలని నా కోరిక. అలా అడిగితే ముందుగా వచ్చే అభ్యంతరం కన్నడానికి నష్టమని. రాష్ట్ర భాష మీద ప్రేమతో వచ్చే ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. సరిహద్దు జిల్లాల్లో కన్నడం ఇప్పటికే నలుగుతోందన్న బాధ ఉత్త కల్పన కాదు. కానీ ఒకటో తరగతి పిల్లకు కన్నడం ఎలా వస్తుందో చూడండి. పాలు హాలు అవుతాయి, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పువ్వు హూవు, పల్లె హళ్ళి. తెలుగు పకారం ఉన్నచోట కన్నడంలో చాలాసార్లు హకారం వస్తుందని ఒక్కసారి ఆటగా చూపిస్తే, ఆ పిల్లకు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటల మూట కన్నడ మాటల మూటగా మారిపోతుంది. తెలుగును వాకిట్లో వదిలి రమ్మంటే ఆ మూట కూడా వాకిట్లోనే ఉండిపోతుంది. మాటలు మోసం చేసేచోటు ఇంకా పసందుగా ఉంటుంది. తెలుగులో ‘అవసరం’ అంటే కావలసింది, కన్నడంలో ‘అవసర’ అంటే తొందర. పోనీ తొందర అందామంటే కన్నడంలో ‘తొందరె’ అంటే ఇబ్బంది. ‘ఊట’ మనకు నీళ్లు, వాళ్లకు భోజనం. ఈ తికమక ఎక్కడ పుడుతోందో తెలియని పంతులు పిల్లకు తెలివి లేదనుకుంటాడు. తెలిసిన పంతులు దాన్నే పాఠం చేస్తాడు. కర్ణాటక బళ్లలో ‘నలి కలి’ పేరుతో మొదటి మూడు తరగతులకు కార్డులూ పాటలూ ఆటలూ పెట్టి నేర్పే పద్ధతి 1990ల నుంచే ఉంది. ఇలాంటి ఆటకు అందులో చోటు సులభంగా దొరుకుతుంది.

మరి కొత్త లిపి బరువెందుకంటారా? అక్కర్లేదు. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు, ప్రాథమిక బడిలో కోలారు తెలుగును కన్నడ అక్షరాల్లోనే రాయొచ్చు. కైవారం తాతయ్య భక్తులు చేస్తున్నది అదే. కర్ణాటకలోనే దీనికి ముందడుగు ఉంది: 2010 నుంచి దక్షిణ కన్నడ, ఉడుపి వైపు బళ్లలో తుళు ఐచ్ఛికంగా మూడో భాష అయింది, తుళు పుస్తకాలు ఎక్కువగా కన్నడ లిపిలోనే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2004లో సవర, కోయ, గోండి, కొలామి వంటి ఎనిమిది భాషల పిల్లలకు మొదటి తరగతుల్లో ఇంటి భాషలోనే చదువు మొదలుపెట్టి, తెలుగు లిపిలోనే వాచకాలు వేశారు. తెలుగు ప్రభుత్వం సవర పిల్లలకు చేసిన మేలును కన్నడ ప్రభుత్వం తెలుగు పిల్లలకు చేయకూడదని ఏముంది?

అలాగని నేను తెలుగు మీడియం అడగడం లేదు. రాజ్యాంగం 350ఏ అధికరణం ఆ కోరిక కోరే దారి తెరిచే ఉంచింది. కానీ తల్లిదండ్రులు ఎటు నడుస్తున్నారో అందరికీ కనిపిస్తూనే ఉంది. మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దరాదని కర్ణాటక కేసులోనే 2014 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంగ్లీషు కోసం పరుగెత్తే తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. గనులు పోయాక ఊరి బతుకు బెంగళూరు బండి మీద ఆధారపడింది. అందుకే నేను అడిగేది వారానికి ఒక గంట. ఇంటి పాట, పొడుపు కథ, అవ్వ చెప్పిన సామెత, ఊరి పేరు వెనకున్న కథ, అంతే. దానివల్ల ఏ ఇంగ్లీషు గంటా తగ్గదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని తప్పించుకోలేను. కేజీఎఫ్ తరగతి గదిలో తెలుగు పిల్ల పక్కన తమిళ పిల్ల ఉంటుంది, ఆ వెనక ఉర్దూ పిల్ల. తెలుగుకు గంటిస్తే వాళ్లకేం చెబుతారు? నిజమే, అక్కడ తెలుగు గంట అన్యాయమే. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి గనుల్లో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ల మనవలకు తెలుగు పాట నేర్పడంలో న్యాయం లేదు. కాబట్టి ఆ గంట భాష పేరుతో ఉండకూడదు, ఇంటి పేరుతో ఉండాలి. శ్రీనివాసపురంలో అది దాదాపు తెలుగు గంటే అవుతుంది, ఆండర్సన్‌పేటలో తమిళ గంటవుతుంది, కొన్నిచోట్ల మూడూ కలుస్తాయి. నన్ను ఎక్కువగా భయపెట్టేది నా తెలుగువాళ్లే. భాషాభిమానం పేరుతో హైదరాబాదు వాచకాలు లారీలో దింపి, ‘ఉండాడు’ తప్పు ‘ఉన్నాడు’ ఒప్పు అని దిద్దడం మొదలుపెడితే, 1872లో స్కాట్లండులో జరిగిందే కోలారులో మన చేతుల మీదుగా జరుగుతుంది.

కోలారు జిల్లా పంతుళ్లకు ఒక విన్నపం. నవంబరు ఒకటిన రాజ్యోత్సవానికి పిల్లలకు కన్నడ పాటలు ఎలాగూ నేర్పుతారు, నేర్పాలి. ఆ వారంలోనే ఒకరోజు, ఇంట్లో అవ్వ పాడే పాట ఒకటి నేర్చుకుని రమ్మనండి. ఏ భాషలో తెస్తే ఆ భాషలో పాడనివ్వండి, కన్నడ అక్షరాల్లో నల్లబల్ల మీద రాయండి, దిద్దకండి.