మా కంప్యూటరుకు కట్టిన అంటు

మా హాస్టల్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. విండోస్ తీసేస్తే వార్డెన్ గారి లెక్కలు పోతాయి. మా ల్యాబ్ పరీక్షకేమో లినక్స్ కమాండ్లు రావాలి. నోటు పుస్తకంలో రాసుకుని బట్టీ పట్టేవాళ్ళం!

సీనియర్ అన్నయ్య ఒకరు వచ్చి, మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన డబ్ల్యూఎస్ఎల్ పెట్టారు. విండోస్ అలాగే ఉంది, అందులోనే నల్ల తెర మీద 'ఎల్ఎస్', 'గ్రెప్' పనిచేశాయి. కడియం నర్సరీల్లో మా నాన్నలు నాటు మామిడి మీద బంగినపల్లి అంటు కడతారు కదా, అచ్చం అలాగే.

కానీ లినక్స్‌లోంచి విండోస్ సీ డ్రైవు కూడా కనిపిస్తుంది. అక్కడ 'ఆర్ఎమ్' కొడితే ఫైలు రీసైకిల్ బిన్‌కి వెళ్ళదు, పోతుందంతే. వార్డెన్ గారి మెస్ బిల్లు ఒకటి అలాగే పోగొట్టాం. రాత్రంతా కూర్చుని మళ్ళీ టైపు చేసిచ్చాం. ఇప్పుడు 'ఆర్ఎమ్' కొట్టేవాడు ముందు లైను పైకి చదవాలి, పక్కవాడు సరేనన్నాకే ఎంటరు.